మద్దిచెట్టు కింద పూరేడు

ఇప్పలవనం అనే అడవిలో కుందేళ్ళు, దుప్పులు, ఉడుతలు, రకరకాల పిట్టలు ఉండేవి. వాగు ఒడ్డున గడ్డి దుబ్బులో ఒక పూరేడు పిట్ట మూడు గుడ్లు పొదుగుతోంది. ఇంకో నాలుగు రోజులైతే పిల్లలు. పక్క పొదలోనే అడవికోడి కూడా పొదుగుతోంది. రెండూ ఒకదాన్నొకటి వదినా అని పిలుచుకునేవి.

అప్పుడే మూడు కొండల అవతల తోడేళ్ళకూ రేచుకుక్కలకూ యుద్ధం మొదలైంది. కాకి అటు ఎగిరి చూసొచ్చి, మద్దిచెట్టెక్కి అరిచింది.

"బొరియ కూలింది! కుందేలు పిల్లలు లోపలే ఉన్నాయి!"

పూరేడు గుడ్ల మీంచి లేచింది.

"ఎక్కడికి వదినా?" అంది అడవికోడి.

"ఒక్క మాట విని వచ్చేస్తా. ఆ యుద్ధం మన మీదికొస్తే? తెలియకపోతే పిల్లల్ని ఎలా కాపాడుకోను?"

"పొద్దున నేనూ విన్నాను, అక్కడి నుంచి పారిపోయి వచ్చిన కుందేళ్ళే చెప్పాయి. వాటికి నా పొదలో చోటిచ్చాను. మన చేతనైంది అదే. కాకికేం, చెట్టెక్కి అరుస్తుంది. గుడ్లు నీవి కదా!"

"నీది రాతిగుండె!" అని పూరేడు విసురుగా వెళ్ళిపోయింది.

ఒక్క మాట పది మాటలైంది. కాకి ఏడుసార్లు బొరియ కూలిందని చెప్పింది. పూరేడు మనసులో ఏడు బొరియలు కూలాయి. గింజ మింగుడు పడలేదు. కన్ను మూతపడలేదు. ఎండుటాకు రాలినా ఉలిక్కిపడేది. గూటికొచ్చి కూర్చునేది, కాకి 'కావ్' అనగానే మళ్ళీ లేచేది.

మూడోనాడు చలిగాలి, వాన. పూరేడు తడుస్తూ పొద్దుటి నుంచీ చెట్టు కిందే ఉండిపోయింది.

"బొరియ కూలింది!" అంది కాకి.

"ఎన్నోది కాకన్నా?" అంది పూరేడు వణుకుతూ.

"ఎన్నోదేంటి? ఒక్కటే! మొన్న కూలిందే. ఇప్పుడొచ్చిన వాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నా."

పూరేడుకు ఒక్కసారిగా గుడ్లు గుర్తొచ్చాయి. గూటికి పరుగెత్తింది.

గూట్లో రెండే గుడ్లు. వాగులో రాళ్ళలా చల్లగా ఉన్నాయి.

అడవికోడి మెల్లగా రెక్క ఎత్తింది. "ఒకటి కొంచెం వెచ్చగా అనిపిస్తే నా కిందికి దొర్లించుకున్నా. ఆ రెండూ నేను చూసేసరికే చల్లబడిపోయాయి వదినా."

పూరేడు ఆ వెచ్చటి గుడ్డును తన గూట్లోకి దొర్లించుకుని దాని మీద కూర్చుంది. యుద్ధం ఆ అడవికి రానే లేదు.

మర్నాడు పూరేడు తన ఒక్క గుడ్డు మీద కూర్చుని ఉంది.

"కొత్త వార్త! కొత్త వార్త!" అని కాకి అరిచింది.

పూరేడు మెడ చాచి అటు చూసింది. అయినా లేవలేదు. అప్పుడు పొట్ట కింద, పెంకు లోపలి నుంచి, చిన్న ముక్కు 'టిక్'మని తగిలింది.

నీతి: దూరాన జరిగే ఘోరాన్ని తెలుసుకోవాలి, చేతనైన సాయం చేయాలి. రోజంతా దాన్నే వింటూ కూర్చుంటే మాత్రం, యుద్ధం రాని గూట్లో కూడా గుడ్లు చల్లబడిపోతాయి.