పసుపు జెండా లేని మేడ

చంద్రకోట రాజు వీరకంపనుడికి ఆ ఏడు కొత్త సరదా పుట్టింది. ఊరి కాపలా మొత్తం బలభద్రోజి చేతిలో పెట్టి, తాతల నాటి తలారులను ఇళ్ళకు పంపేయాలని!

బలభద్రోజి అద్దెకు కాపలాదారులను పంపే ఘనుడు. దొంగతనం జరిగితే దర్యాప్తూ ఆయనదే. తన మనుషుల్ని పెట్టుకున్న ఇంటి గుమ్మానికి పసుపు జెండా కడతాడు. ఏం చిత్రమో, ఆ ఇంటివైపు దొంగలు కన్నెత్తి చూడరు. జెండా లేని ఇంటికి మాత్రం వారం తిరక్కుండా కన్నం పడుతుంది. మర్నాడే ఆయన వచ్చి, గోడలు వాసన చూసి, "ఇది తలారి పోలయ్య పనే" అని తేల్చేస్తాడు. ఎన్ని ఇళ్ళు వాసన చూసినా అదే జవాబు. మహా పరిశోధకుడు మరి!

రాజు పోలయ్యను ఠాణాలో పెట్టించాడు. "రేపు సభ ముగిసేలోగా నీ తప్పు లేదని తేలకపోతే పెళ్ళాం బిడ్డలతో పొలిమేర దాటు" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఊరు కాచిన ముసలివాడికి దక్కిన బహుమానం అది!

రాజుగారి తమలపాకుల సంచి మోసే లింగన్నకు కడుపు రగిలిపోయింది. పైకి మాత్రం నవ్వుతూ, చిలకలు చుడుతూ అడిగాడు.

"బలభద్రోజీ, ఊళ్ళో ఇన్ని ఇళ్ళు! తమవాళ్ళు ఎలా గుర్తుపడతారండీ?"

"మావాళ్ళకి ఇల్లెవరిదన్న గొడవే లేదు. జెండా ఉందా, లేదా? అంతే! అదీ క్రమశిక్షణ!"

"ఆహా! బుర్రకు శ్రమే లేదన్నమాట" అని మెచ్చుకున్నాడు లింగన్న.

రాజు మురిసిపోయి బలభద్రోజికి కోట వీధిలో కొత్త మేడ బహుమతిగా ఇచ్చాడు. సాయంత్రానికే సామానంతా చేరింది. బలభద్రోజి స్వయంగా గుమ్మానికి జెండా కట్టి, ఇంటిల్లిపాదితో రాజుగారి విందుకు వెళ్ళాడు. ఆ విందుకు లింగన్న కాస్త ఆలస్యంగా వచ్చాడు.

మర్నాడు బలభద్రోజి గుండెలు బాదుకుంటూ సభలోకి వచ్చాడు.

"ప్రభూ, నా మేడ ఊడ్చేశారు! చెంబు కూడా మిగల్లేదు! ఇది ఆ పోలయ్య..."

"పోలయ్య నిన్నటి నుంచి ఠాణాలోనే ఉన్నాడండీ" అని వినయంగా గుర్తుచేశాడు లింగన్న.

బలభద్రోజికి ఒళ్ళు మండింది. వెనకే నిలబడ్డ తన కాపలాదార్ల నాయకుడి మీద విరుచుకుపడ్డాడు.

"ఒరే సాంబడూ! నా చేత్తో జెండా కట్టాను కదరా! కళ్ళు పోయాయా?"

నిండు సభలో తిట్లు తినేసరికి సాంబడికి రోషం వచ్చింది.

"జెండా ఎక్కడుందయ్యా? రెండుసార్లు చూసుకున్నాకే లోపలికి దూరాం. ఉంటే తమరి మాట జవదాటుతామా?"

సాంబడు నాలిక కరుచుకున్నాడు. లింగన్న తమలపాకుల అడుగు నుంచి పసుపు జెండా పైకి తీశాడు.

"ప్రభూ, ఇంత త్వరగా తేలిన దర్యాప్తు నేనెన్నడూ చూడలేదు. ఫిర్యాదీ, కాపలాదారు, దొంగ, అందరూ ఒకే కొలువు!"

ముందు నవ్వింది రాజే, కాస్త సిగ్గుపడుతూ. తర్వాత సభంతా గొల్లుమంది. బలభద్రోజినీ సాంబణ్ణీ భటులు ఠాణాకు నడిపించారు. రాజు తన మెడలోని హారం లింగన్నకు వేసి, పోలయ్యను పిలిపించాడు.

"ఇక ఊరి కాపలా నీదే. ఆ మేడా నీదే. గుమ్మానికి జెండా కట్టించమంటావా?"

పోలయ్య చేతులు జోడించాడు.

"వద్దు మారాజా! తలుపుంటే చాలు."