కుండలో నిద్రపోయిన దుంపలు

పాలమబ్బు అనే అడవి ఒకటి ఉండేది. చలికాలం వచ్చిందంటే అక్కడ మబ్బులు ఆకాశంలో నిలవవు. మెల్లగా నేలకు దిగి చెట్ల మొదళ్ళ దగ్గర పడుకుంటాయి. పట్టపగలు కూడా సందెవేళలాగే ఉంటుంది. ఆ మంచులో జింకలు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు, ముళ్ళపందులు దారి తడుముకుంటూ ఒకరింటికొకరు వెళ్తుంటాయి.

ఆ అడవిలో కోరన్న అనే అడవిపంది ఉండేవాడు. దుంపలు తవ్వడంలో అతన్ని మించినవారు లేరు. ఆ మాట నిజమే. కాకపోతే ఇంకొకరు అనేదాకా ఆగేవాడు కాదు, తానే అనేసేవాడు.

"నా కోరలు నేలలో దిగాయంటే పాతాళం దాకా తలుపులు తెరుచుకోవాల్సిందే!"

ఆ ఏడు తొలి మంచు పడ్డ రోజునే చుక్కమ్మ అనే లేడి ఈనింది. బిడ్డ బంగారంలా ఉంది. తల్లికి మాత్రం చలి కొట్టి గొంతు వాచిపోయింది. గడ్డిపరక కూడా మింగలేకపోయింది. తల్లి కడుపు మాడితే బిడ్డకు పాలెక్కడివి? లేడిపిల్ల ఖాళీ పొదుగును చప్పరించి చప్పరించి సన్నగా ఏడవసాగింది. ఆ ఏడుపు మంచులో పడి అడవంతా తిరిగింది. అది చెవిన పడగానే కోరన్న తవ్వుతున్న దుంపను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. గొప్పలు చెప్పుకున్నా మనసు మంచిదే పాపం.

"చుక్కమ్మ గొంతులో ఇంత వెన్నజావ పడాలి. అప్పుడే పాలు పడతాయి" అంది ముళ్ళత్త. ముళ్ళత్త ముసలి ముళ్ళపంది. అడవిలో అందరికీ అత్తే.

వెన్నజావ అంటే దుంపలన్నీ కలిపి మెత్తగా ఉడికించి, ఎనిపి, చిక్కగా కాచే జావ. పేరుకే వెన్న. అందులో వెన్నా ఉండదు, మీగడా ఉండదు. అయినా గొంతులో వెన్నలాగే జారుతుంది.

ముళ్ళత్త ఇంట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలిగింది. చుక్కమ్మను ఆ వెచ్చదనం పక్కనే ఆకుల మీద పడుకోబెట్టారు. కుందేలు చెవులయ్య క్యారెట్లు, ముల్లంగి తెచ్చాడు. ఎలుగుబంటి చిలగడదుంపలు తెచ్చాడు. చేమదుంపలు ముళ్ళత్తవే. చలికాలానికి దాచుకున్నదంతా ఆ ఒక్క కుండలోకే వచ్చింది. చివరికి కోరన్న రొప్పుతూ వచ్చి, బండరాయంత కందను దభీమని దించాడు.

"అందరికన్నా పెద్ద దుంప నాది. కాబట్టి గరిటె కూడా నాదే" అన్నాడు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. గరిటె పట్టినవారే తొలి దొప్ప తాగాలి. ఆ తరవాతే ఎవరికైనా. ముళ్ళత్త గరిటె ఇచ్చేసింది. కానీ ఒక మాట చెప్పింది.

"నాయనా, కందను సన్నగా తరుగు. చింతాకు వెయ్యి. సన్నసెగ మీద పెట్టు. దుంప ఇన్నాళ్ళూ నేలలో నిద్రపోయి తీపెక్కింది. కుండలో కూడా దాన్ని కాసేపు నిద్రపోనివ్వాలి."

కోరన్న పకపకా నవ్వాడు. "దుంపలకు జోల పాడమంటావా అత్తా? అక్కడ పసిది ఏడుస్తోంది. తాగబోయే చుక్కమ్మే ఏమీ అనలేదు, మధ్యలో నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకట!"

అందరూ నవ్వారు. ముళ్ళత్త ఓ మూలకు వెళ్ళి కూర్చుంది.

కోరన్న కందను పెద్ద పెద్ద ముక్కలు చేసి కుండలో పడేశాడు. చింతాకు ఊసే లేదు. పొయ్యినిండా కట్టెలు కుక్కాడు. మంట కుండ మెడదాకా లేచింది. నీళ్ళు ఎగిరెగిరిపడ్డాయి. ముక్కలు పైకి మెత్తబడ్డాయి, లోపల రాయిలాగే ఉన్నాయి. వాటినే పప్పుగుత్తితో నాలుగు పోట్లు పొడిచి, "అయిపోయింది!" అన్నాడు. రెండు మోదుగాకు దొప్పల్లో జావ పోశాడు. ఒకటి చుక్కమ్మ ముందు పెట్టాడు. చుక్కమ్మ ఆశగా మూతి చాచింది.

"ఆగమ్మా! తొలి దొప్ప కోరన్నది" అని చెవులయ్య అడ్డుపడ్డాడు.

"దానికేం భాగ్యం!" అని కోరన్న తన దొప్ప ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు.

ముందు నాలుక చివర చిమచిమలాడింది. తరవాత నాలుకంతా దురద. ఆ తరవాత గొంతు. లోపల ఎవరో గరుకు గడ్డి పెట్టి రుద్దుతున్నట్టుంది. కేక వేద్దామంటే గొంతు పెగల్లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, కళ్ళ నీళ్ళు కారుస్తూ చూశాడు. ఎదురుగా రెండో దొప్ప. దాని ముందు చుక్కమ్మ వాచిన గొంతు.

ఇది ఆ గొంతులో పడి ఉంటే!

కోరన్న ఒక్క ఉదుటున వెళ్ళి ఆ దొప్పను మూతితో దూరంగా నెట్టేశాడు.

"కుండ పారబోద్దాం" అన్నాడు చెవులయ్య.

"పారబోస్తే, మళ్ళీ పెట్టడానికి ఎవరింట్లో ఏముంది?" అంది ముళ్ళత్త. "ఇది చెడిపోలేదురా. దీనికి నిద్ర చాలలేదు, అంతే."

ఆమె మండే కట్టెలు బయటికి లాగేసి నిప్పులు మాత్రం ఉంచింది. పెద్ద ముక్కల్ని గరిటెతో చిదిమింది. దురద విరగడానికి దోసెడు చింతాకు వేసి మూత పెట్టింది. కోరన్న నోట్లో కూడా ఇంత చింతాకు పెట్టి, "నువ్వే కాపలా కూర్చో. చెవి పెట్టి విను" అంది.

కోరన్న కూర్చున్నాడు. మాట్లాడదామన్నా మాట లేదు మరి. కుండలో కుతకుత. లేడిపిల్ల సన్నని ఏడుపు. మళ్ళీ కుతకుత. గుమ్మంలోంచి మంచు మెల్లగా లోపలికి వచ్చి పొయ్యి పక్కన చేరింది. తియ్యటి మట్టి వాసన లేచింది. కోరన్న రెప్పలు వాలిపోయాయి.

కలలో అతను ఒక దుంప. చుట్టూ చీకటి, వెచ్చటి మట్టి. పైన ఎక్కడో వాన పడుతోంది. పక్క గదిలో మాటల్లా వినిపిస్తోంది. తానెంత పెద్దగా ఉన్నాడో చూసేవారు ఎవరూ లేరు. ఎవరైనా చూడాలని అతనికీ లేదు. ఒక్కో చినుకూ దిగి వస్తోంది. ఒక్కో చినుకుకూ లోపల కాస్త తీపి చేరుతోంది. ఎంత హాయి! తొందర అనే మాటే అక్కడ లేదు.

ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. కుతకుత ఆగిపోయింది. కుండ మెత్తగా ఊపిరి తీస్తోంది. జావ ఉమ్మగిలిందని ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసింది.

మూత తీస్తే లోపల సాయంకాలపు ఎండ రంగు. పప్పుగుత్తి పెడితే దానంతటదే దిగిపోయింది. ఎనుపుతుంటే చారలు చారలుగా చిక్కబడింది. కోరన్న తల వంచి గరిటెను ముళ్ళత్త చేతిలో పెట్టాడు. ఆమె తొలి దొప్ప తాగి, కళ్ళు మూసుకుని తల ఊపింది.

చుక్కమ్మ ఒక గుక్క మింగింది. మళ్ళీ ఒకటి. దొప్ప అడుగు నాకేసి ఇంకా కావాలన్నట్టు చూసింది. కడుపు నిండి, ఒళ్ళు వెచ్చబడి, కాసేపటికి పొదుగు బరువెక్కింది. లేడిపిల్ల ఏడుపు ఆగింది. చప్పరించే చప్పుడు ఒక్కటే మిగిలింది. కోరన్న కళ్ళు తుడుచుకున్నాడు. దురద ఇంకా తగ్గలేదు కాబోలని అందరూ అనుకున్నారు.

ఆ చలికాలమంతా కోరన్న గొంతు బొంగురుగానే ఉండిపోయింది. గొప్పలు చెబుదామంటే మాట పైకి రాలేదు. గరిటె మాత్రం ముళ్ళత్త ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరికి మంచి దుంప దొరికినా ముందు ఆమె గడపలోనే పెట్టేవారు. ఆ చలికాలం ఆమె ఇల్లు ఎన్నడూ ఖాళీగా లేదు.

మరుసటి ఏడు మళ్ళీ మంచు దిగింది. ముళ్ళత్త పొయ్యి దగ్గర కోరన్న కుండ వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఏపుగా ఎదిగిన లేడిపిల్ల గంతులేస్తూ వచ్చింది.

"మామా, ఆకలి! ఇంకా కాలేదా?"

కోరన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు. "మెల్లగా మాట్లాడమ్మా. దుంపలు నిద్రపోతున్నాయి."

నీతి: ఒకరి ఆకలి తీర్చడానికి మంచి మనసు, బలం చాలవు, ఓపిక కూడా ఉండాలి.