మూడో తాయెత్తు

ఆస్థాన మాంత్రికుడు భైరవయ్య అంటగట్టిన మొదటి తాయెత్తుకు నూకాలవ్వ ఇత్తడి బిందె పోయింది, రెండోదానికి నేతికుండ పోయింది. మూడోసారి ఆయన కన్ను నడవలో కట్టేసిన మేక మీద పడింది.

"ఇది గుమ్మానికి కడితే నీ సొత్తు పరాయివాళ్ల చేతిలో గడప దాటదు, అవ్వా."

పక్కింట్లో బుట్టలల్లుకునే సింహాద్రికి ఒళ్లు మండింది. అయినా నవ్వుతూ వాడలోని వాళ్లందరినీ పిలిచి, తాయెత్తు తనే గుమ్మానికి కట్టాడు.

భైరవయ్య మేక తాడు పట్టుకున్నాడు. సింహాద్రి అడ్డొచ్చాడు.

"ఒక్క మాట స్వామీ. మేక మీ చేతిలో గడప దాటితే తాయెత్తు ఉత్తదన్నమాట. ఉత్తదానికి మేకనెవరిస్తారు? తాయెత్తు నిజమైతే మేక ఎలాగూ దాటదు."

జనమంతా గడపకేసే చూస్తున్నారు. భైరవయ్య తాడు వదిలి వట్టి చేతులతో బయటపడ్డాడు.

అవ్వ గుమ్మానికి దణ్ణం పెట్టింది. "ఇన్నాళ్లకు పనిచేసేది ఇచ్చాడు నాయనా."