ఈరన్న మాట, ఈరన్న చెయ్యి

తుంగభద్ర ఒడ్డున చిన్న మఠంలో ఉండే సదాశివయ్యగారిని శిష్యుడు విరూపాక్షుడు ఒకనాడు అడిగాడు: "స్వామీ, మనిషిని నమ్మడమంటే ఏమిటి? నమ్మదగినవాణ్ణి గుర్తుపట్టేదెట్లా?" గురువుగారు ఉత్తరీయం భుజాన వేసుకుని, "అవతలి ఒడ్డున పనుంది, రా" అన్నారు.

రేవులో పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ నడిపే ఈరన్న అబద్ధాలకు పెట్టింది పేరు. ముక్కుపుడక పెట్టుకున్న చేప దొరికితే జాలిపడి వదిలేశానని ఆ ఉదయమే పదిమందిని నవ్వించాడు. నోట అసత్యం రానివ్వని విరూపాక్షుడికి అతణ్ణి చూస్తేనే చిరాకు. "ఇటువంటివాడి పుట్టి ఎక్కుదామా స్వామీ?" అని గొణిగాడు.

అంతలో మంత్రసాని ఉసేనమ్మ పరుగున వచ్చింది. అవతలి ఊళ్లో ఒక పిల్లకు తొలి కాన్పు. తెల్లవారుజామునుంచి నొప్పులు పడుతోందని కబురు. పైన వానలు పడి నది ఎర్రగా పొంగుతోంది.

"భయం లేదవ్వా, మోకాటిలోతు నీళ్లే" అన్నాడు ఈరన్న.

"నీ మాట నీ పెండ్లామే నమ్మదు. తెడ్డు పట్టు!" అంటూ ఆమె అందరికంటే ముందు పుట్టిలో కూర్చుంది. గురువుగారు ఎక్కారు. శిష్యుడికీ ఎక్కక తప్పలేదు.

నడినీట సుడి పుట్టిని గిర్రున తిప్పింది. ఈరన్న నోరు మూతపడింది. దవడ బిగించి, నీటినే చూస్తూ తెడ్డు వేశాడు. విరూపాక్షుడు కళ్లు మూసుకుని ఉసేనమ్మ కొంగు పట్టుకున్నాడు.

"వాడు మాట్లాడలేదంటే పని జరుగుతున్నట్టే. కండ్లు తెరువు సామీ" అందామె.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఉసేనమ్మ వీధిలోకి వచ్చి ఆ సంగతీ, నొప్పుల్లో ఆ తల్లి మొగుణ్ణి తిట్టిన తిట్లూ ఒక్కటి వదలకుండా అందరికీ చెప్పింది. "నా ముగ్గురు బిడ్డలూ ఈ అవ్వ చేతిలోనే పుట్టినారు" అని ఈరన్న మురిసిపోయాడు.

బాలింత దగ్గర ఉసేనమ్మ ఆగిపోయింది. తిరుగు దారిలో, నది కాస్త నెమ్మదించాక, ఈరన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "స్వామీ, సుడిలో పడినప్పుడు నాకూ భయమైంది. మళ్లీ ఇల్లు చూస్తానో లేదో అనుకున్నా. ఉసేనవ్వతో మాత్రం అనొద్దండి. ఊరంతా చాటుతుంది. రేపు నా పుట్టి ఎవరెక్కుతారు?"

విరూపాక్షుడు ఆశ్చర్యపోయాడు. "బిడ్డల్ని ఆమె చేతిలో పెట్టినవాడివి, ఒక్క మాట పెట్టలేవా?"

"బిడ్డలు వేరు, మాట వేరు సామీ" అని ఈరన్న పకపకా నవ్వాడు.

మఠం చేరగానే విరూపాక్షుడు తోటి శిష్యులను కేకేసి పిలిచాడు. "తెలుసా, ఆ ఈరన్నకు ఇవాళ..."

కాళ్లు కడుక్కుంటున్న గురువుగారు తల ఎత్తకుండానే అన్నారు:

"ఆ మాట చెప్పేముందు అతను చుట్టూ చూశాడు నాయనా. నువ్వు అక్కడే ఉన్నావు. అయినా చెప్పాడు."