పొద్దుపొడుపు విన్న సరంగు తాత

ఇటు తిరిగి పడుకో బంగారూ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొట్టకపోతే కథ ఆపేస్తాను, నీ ఇష్టం మరి!

అనగనగనగా గోదారి మధ్యన ఒక లంక ఊళ్ళో పోలయ్య అని ఒక సరంగు ఉండేవాడు. లాంచీ నడిపేవాడన్నమాట. రోజూ పొద్దుపొడుపు గోదారి మీదే చూసేవాడు. పెద్దతనంలో పాపం రెండు కళ్ళూ పోయాయి. అప్పటినించీ రాత్రేదో పగలేదో తెలీక, "నాకింక తెల్లారదు" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

ఆయనకో మనవరాలు, నూకరత్నం. ఒట్టి గడుగ్గాయి. పాత రేడియోలు విప్పడం, వైర్లు అతికించడం, వేళ్ళు కాల్చుకోవడం, అదే దాని ఆట. తాతకి ఎలాగైనా తెల్లారేట్టు చెయ్యాలని పట్టుబట్టింది.

ఆ తర్వాత బజారుకెళ్ళి ఒక బిళ్ళ కొనుక్కొచ్చింది. ఎల్డీఆర్ అంటారు దాన్ని. ఎంతుంటుందనుకున్నావు? నీ చిటికెనవేలి గోరంత! మొహాన మెలికల గీత. చీకట్లో కరెంటుని పోనివ్వకుండా బిగబట్టుకుంటుంది. వెలుతురు పడిందా, వదిలేస్తుంది. ఎంత వెలుతురుకి అంత! దానికి కన్నూ లేదు, బుర్రా లేదు, ఎలా తెలుస్తుందో ఏమిటో! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

అప్పుడు రత్నం ఆ బిళ్ళనీ, చిన్న స్పీకరునీ, బ్యాటరీనీ, ఇంకేవో ముక్కల్నీ కలిపి, ఎంత వెలుతురు పడితే అంత కూత పెట్టేట్టు ఒక సబ్బుపెట్టెలో బిగించింది. తీసుకెళ్ళి తాత చేతిలో పెట్టింది. పెట్టె కుయ్యిమనలేదు. మూత గట్టిగా వేసేసిందిగా పిచ్చిమొద్దు, లోపల బిళ్ళకి వెలుతురెక్కడిది! తాత మళ్ళీ గోడవైపు తిరిగాడు.

రెండోసారి మూతకి చిల్లు పెట్టి, బిళ్ళ మొహం బయటికి తీసి, బల్బు కింద పట్టుకుంది. పెట్టె కీచుమని అరిచింది. "బల్బుకి అరిస్తే గొప్పేంటే? నా సూర్యుణ్ణి తెమ్మను," అన్నాడు తాత. అన్నాడు గానీ, ఈసారి గోడవైపు తిరగలేదు.

అప్పుడు మూడోసారి, తెల్లవారుజామున తాతని చెయ్యి పట్టుకుని రేవుకి నడిపించుకెళ్ళింది. మెట్టు మీద కూర్చోబెట్టి పెట్టె ఒళ్ళో పెట్టింది. ఇంకా మసక చీకటే. పెట్టె టిక్కు... టిక్కు... అంటోంది. తూరుపు తెల్లబడింది. టిక్కు టిక్కు టిక్కు! ఆ తర్వాత ఎర్రబడింది. టిక్కులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ కలిసిపోయి సన్నటి కూతైపోయాయి. ఆ కూత పైకి, ఇంకా పైకి లేచింది. అమ్మ బాబోయ్, గోదారిలోంచి సూర్యుడు పైకొస్తుంటే ఆ రావడం చెవికి వినపడ్డం! తాత రెండు చేతులూ జోడించి బొటబొటా ఏడ్చేశాడు.

"తెల్లారిందే రత్తీ! నాకు తెల్లారింది!"

కళ్ళు తుడుద్దామని రత్నం ఆయన ముందుకొచ్చింది. కూత ఠక్కున కిందికి దిగిపోయింది.

"మబ్బు పట్టిందా?" అన్నాడు తాత.

"మబ్బు కాదు తాతా, నేనే. నా నీడ పడింది."

తాత మెల్లిగా, "అలాగే నుంచో తల్లీ, కదలకు. ఎన్నాళ్ళైందే నిన్ను చూసి!" అన్నాడు.

కథేమో కంచికి, కూతేమో మింటికి,
తాతేమో ఇంటికి, నిద్రేమో నీ కంటికి!