పదిహేడో అభ్యర్థిని

వెల్డోరియా అనే చిన్న రాజ్యం ఐరోపాలో ఎక్కడుందని ఎవరైనా అడిగితే దాని రాజు ఓట్మార్‌కి కోపం వచ్చేది. పక్క రాజ్యం పేరు చెప్పి "దాని పక్కన" అంటే ఇంకా కోపం వచ్చేది.

అలాంటి రాజుకి ఒకరోజు పొద్దున్నే విశ్వవిద్యాలయాల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటరు శాస్త్రం చెప్పే ఆడవాళ్లు ఏ రాజ్యం విశ్వవిద్యాలయంలో ఎంతమంది ఉన్నారో అందులో వరసగా రాశారు. వెల్డోరియా అట్టడుగున ఉంది. పక్క రాజ్యం మూడో స్థానంలో ఉంది.

రాజుకి ఆడవాళ్ల సంగతి అంతగా పట్టలేదు గానీ, ఆ మూడో స్థానం మాత్రం గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

"గురువారం కొత్త కంప్యూటరు పరిశోధన భవనం తెరుస్తున్నాం. అందులో పది ఆచార్య పదవులున్నాయి. ఒక్క ఆడమనిషి కూడా ఎందుకు ఎంపిక కాలేదో ఆలోపు నాకు తేల్చి చెప్పండి. తేల్చినవాళ్లు ఏం కోరితే అది ఇస్తాను" అన్నాడు.

ఉత్తరం చదివి వినిపించింది ఇల్కా. రాజుగారి ఉత్తరాలు చదవడం ఆమె ఉద్యోగం. కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషికి అదేమంత కష్టమైన పని కాదు. ఆ పదవులకి అర్జీ పెట్టి తిరుగుటపాలో 'వద్దు' అనిపించుకున్న పదహారు మంది ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆ కాగితం వచ్చిన రోజు తప్పెక్కడ జరిగిందోనని తన పరిశోధనంతా మొదటి నుంచి చదువుకుంది. దొరకలేదు. దొరికి ఉంటే కాస్త మనశ్శాంతిగా ఉండేది.

కంప్యూటరు విభాగం డీన్ గుస్తావ్ హోల్మెర్ మాత్రం వెంటనే రంగంలోకి దిగాడు. మహిళా సమానత్వం కోసం కమిటీ వేశాడు. అందులో తొమ్మిది మంది, తొమ్మిది మందీ మగవాళ్లే. వాళ్లు మూడు రోజులు చర్చించి విభాగం గోడలకి ఊదారంగు వేయించారు. ల్యాప్‌టాప్ ముందు నవ్వుతున్న అమ్మాయి బొమ్మ గుమ్మానికి తగిలించారు. ఆ అమ్మాయి అంతకుముందు ఒక సబ్బు ప్రకటనలో కూడా అలాగే నవ్వింది.

గురువారం సభలో డీన్ ఒక కంప్యూటరు తెచ్చి పెట్టాడు.

"ప్రభూ, ఎంపిక చేసింది మనుషులు కాదు, ఈ యంత్రం. నలభై ఏళ్లుగా మనం ఎవరిని తీసుకున్నామో, ఎవరిని వద్దన్నామో అంతా దీనికి నేర్పించాం. దీనికి ఆడా మగా పట్టింపు లేదు. ఆ పదహారు మందిలో సత్తా లేదు, అంతే."

"ఆ నలభై ఏళ్లలో ఆడవాళ్లని ఎంతమందిని తీసుకున్నారు?" అన్నాడు రాజు.

"ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు ప్రభూ."

ఇల్కా ఒక ఫైలు పట్టుకుని ముందుకొచ్చింది. "నా దగ్గర ఇంకొక అర్జీ ఉంది ప్రభూ. సెలవైతే దీన్ని కూడా యంత్రానికి చూపిస్తాను."

"చూపించమ్మాయ్" అన్నాడు డీన్, చిన్నపిల్లకి చాక్లెట్ ఇస్తున్నట్టు.

యంత్రం ఫైలు మింగింది. కాసేపు గురగురలాడి ఒక చీటీ బయటికి తోసింది. 'పదిహేడో అభ్యర్థిని. అర్హురాలు కాదు.'

డీన్ చీటీ చూసి మీసం దువ్వుకున్నాడు. ఫైలు వైపు కన్నెత్తి చూడలేదు.

"ఎందుకు కాదో కాస్త వివరిస్తారా డీన్‌గారూ?" అంది ఇల్కా.

"వివరించడానికేముంది? ఇలాంటివి ఎన్ని చూడలేదు. పరిశోధనలో లోతుండదు. నలుగురిని నడిపించే సత్తా ఉండదు. ఎవరో రాసినవే అటూ ఇటూ మార్చి రాసుంటుంది. ఈమెకి మొదటి ఏడాది పిల్లలకి పాఠం చెప్పే పని ఇచ్చినా ఎక్కువే."

"ఈ మాటలు రాసుకోమంటారా?"

"నిక్షేపంగా రాసుకో. సంతకం కూడా పెడతాను."

పెట్టాడు. అప్పుడు ఇల్కా ఫైలు తీసి రెండు చేతులతో ఆయనకి అందించింది. "మొదటి పేజీ సభకి వినిపించండి."

డీన్ కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టాడు. "రెండు వందల పరిశోధన పత్రాలు. విభాగానికి ఇరవై ఏళ్లుగా..." అక్కడితో ఆపేశాడు. మొహం ఆ ఊదా గోడల రంగుకి తిరిగింది.

"ఆగిపోయారేం?" అన్నాడు రాజు.

ఇల్కా బదులు చెప్పింది. "అది డీన్‌గారు పోయినేడు తనకి రాజపతకం కోరుతూ స్వయంగా తమరికి పంపిన ఫైలు ప్రభూ. పేరు తప్ప నేనేమీ మార్చలేదు. గుస్తావ్‌కి చివర ఒక దీర్ఘం తగిలించి గుస్తావా అని ఆడపేరు చేశాను."

సభలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు మధ్యలోనే నవ్వైపోయింది.

"ఇందులో ఏదో మోసముంది ప్రభూ" అన్నాడు డీన్. "ఆ యంత్రం ఎప్పుడూ పొరబడదు."

ఇల్కా వినయంగా వంగింది.

"యంత్రం పొరబడిందంటే ఆ పదహారు మందినీ మళ్లీ పిలవాలి ప్రభూ. పొరబడలేదంటే డీన్‌గారి కుర్చీ కూడా ఖాళీ చేయించాలి. రెండిట్లో ఏది నిజమో డీన్‌గారినే చెప్పమనండి."

రాజు హోల్మెర్ వైపు తిరిగాడు. హోల్మెర్ యంత్రం వైపు చూశాడు. అది ఏమీ అనలేదు.

"యంత్రమే పొరబడింది" అన్నాడు చివరికి, గొణుగుతూ.

"వినపడలేదు."

"యంత్రమే పొరబడింది ప్రభూ."

వెనక వరసల వాళ్లకి అందలేదంటూ రాజు మూడోసారి కూడా చెప్పించాడు. ఆ తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. కమిటీలో తొమ్మిది మందీ ఒకరినొకరు చూసుకుని, నవ్వడమే క్షేమమని వాళ్లూ నవ్వారు.

"ఏం కావాలో కోరుకో ఇల్కా."

"పదహారు ఫైళ్లనీ మగవాళ్ల ఫైళ్లతో కలిపి, పేర్లు కప్పేసి, పై దేశాల ఆచార్యుల చేత చదివించండి ప్రభూ. నాది కూడా వాటిలోనే ఉంది. దాన్ని వేరుగా చూడొద్దు."

"అలాగే. అది ఆ పదహారు మందికీ దక్కిన బహుమతి. ఇది నీకు" అని రాజు యంత్రం తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ నలభై ఏళ్లలో ఇది మన దగ్గర ఇంకా ఏమేం నేర్చుకుందో విప్పి చూడు. కొత్త భవనంలో మొదటి పరిశోధన అదే. హోల్మెర్ నీకు సహాయకుడిగా ఉంటాడు."