బాలింత గదిలో సాంబ్రాణి పొగ

ఎవరు ఏ ప్రశ్న అడిగినా వసుంధరగారు ముందు తన పాత పొరపాటొకటి గుర్తు చేసుకుంటారు. ముప్పై ఏళ్లు సమాజశాస్త్రం బోధించిన మనిషికి ఆ అలవాటు ఎలా అబ్బిందో తెలియదు.

ఆ రోజు వచ్చిన శిష్యుడు కరుణాకర్, ఆరోగ్యశాఖలో అధికారి. రాతినేలలోంచి రేడాన్ అనే వాయువు సహజంగా ఊరుతుంది. మూసిన గదుల్లో పేరుకుంటే ఊపిరితిత్తులకు చేటు. అది పోవడానికి ప్రభుత్వం గోడలకు పెట్టించిన గాలికన్నాలను జనం మూసేస్తున్నారు. మూసినవారిపై కేసు పెట్టాలన్న ముసాయిదా అతని చేతిలో ఉంది. సోమవారం పైకి పంపాలి.

"అంకెలు చూపించాం, బొమ్మలు చూపించాం. ఇంకా విననివాళ్లను ఏం చేయమంటారు మేడమ్?" అన్నాడు.

ఆవిడ ఆ కాగితాలను పక్కన పెట్టి ఈ సంగతి చెప్పారు.

పరిశోధకురాలిగా తొలి ఏడాది ఆవిడ ఒక కొండవార పల్లెకు కొలతల బృందంతో వెళ్లారు. అన్నిటికంటే ఎక్కువ కొలత అప్పలనరసమ్మ ఇంటి వెనుకగదిలో వచ్చింది. అక్కడే ఆమె కోడలు, తొమ్మిదో రోజు బాలింత, పక్కలో పసిగుడ్డు. మంచం ఎత్తున గోడకు కన్నం కొట్టించారు. మర్నాటికి అందులో పాతచీర కుక్కి ఉంది. తీయించారు. నరసమ్మ మళ్లీ కుక్కింది.

"బిడ్డ పీల్చేది ఈ గాలేనమ్మా" అన్నారు వసుంధర.

"నీ గాలి నాకు కనబడదు గానీ, బాలింతకి సలిగాలి కొడితే ఏటవుద్దో నాకు తెలుసు. నువ్వెన్ని పురుళ్లు పోసినావేటి?" అంది ముసలామె.

వసుంధర అక్కడే చతికిలబడ్డారు. సాయంత్రం కోడలికి నీళ్లు పోశాక నరసమ్మ సాంబ్రాణి వేసింది. పొగ దారి లేక మంచం మీదే నిలిచింది. బిడ్డ దగ్గింది.

"మీరన్న గాలీ ఇలాగే ఆగిపోతాదేటి?" అని ముసలామె మెల్లగా అడిగింది.

"అచ్చం ఇలాగే."

"మరైతే కన్నం ఈడ కొట్టినారేటమ్మా! పొగ పోయేది సూరు కిందనుంచి గదా."

ఆమె వేలు చూపిన చోట, పైన ఎదురెదురుగా రెండు కన్నాలు కొట్టించి, కిందది పూడ్చేశారు. మరునాటి పొగ పైనుంచి వెళ్లిపోయింది. బాలింత దుప్పటి అంచు కూడా కదల్లేదు. నెల తిరిగేసరికి కొలత సగానికి దిగింది. ఆ కన్నాలను ఎవరూ మూయలేదు. ఇరుగుపొరుగువారు కూడా నరసమ్మను పిలిచి, సాంబ్రాణి వేయించి మరీ కొట్టించుకున్నారు.

కరుణాకర్ కేసుల పేజీని కొట్టేసి, కలం పట్టుకుని అడిగాడు: "అయితే కన్నం ఎంత ఎత్తున ఉండాలని రాయమంటారు?"

వసుంధరగారు నవ్వారు.

"ముందు ఆ గదిలో ఎవరు పడుకుంటారో కనుక్కుని రాయి, నాయనా."